నాలుగు నుంచి ఆరు దాకా

జూన్ 11, మంగళవారం

అక్కయ్యకు,

నమస్కారం. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఎనిమిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కూడా ఈ కవరు అవతల పారేయలేదంటే, ముందు అందుకు నీకు దణ్ణం.

నేను ఆసుపత్రిలో ఉన్నాను. కంగారుపడకు, గండం గడిచింది. మూడు నెలల కిందట నడుంనొప్పి మొదలైంది. రోజంతా నిచ్చెన మీద నిలబడి గోడలకు రంగులేసేవాడికి నడుం నొప్పెట్టక ఏం చేస్తుందిలే అని మందు రాసుకుని పనిలోకి వెళ్ళాను. జ్వరం వచ్చింది, బిళ్ళ వేసుకున్నాను. ఓ ఉదయం లేవబోతే కాళ్ళు నావి కావు. నా కేకలు విని పక్కవాటా ఆయన గొళ్ళెం విరగ్గొట్టి అంబులెన్సు పిలిచాడు. వెన్నులో చీము పట్టి నరాలను నొక్కేసిందట. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆరు వారాలు మందులెక్కించి, తర్వాత నడక నేర్పే ఈ వార్డుకు మార్చారు. ఇక్కడికొచ్చి నెలైంది.

అందరూ నన్ను రంగులాయన అంటారు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి మహా గడుసుది. "కుడికాలి బొటనవేలు చూడండి, కదలమని చెప్పండి" అని రోజూ ఒకటే పోరు. నా దగ్గర పనిచేసినవాళ్ళనెవరినీ అంతలా బతిమాలలేదక్కయ్యా. పదకొండో రోజున కదిలింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలా అని తల తిప్పాను. మంచం పక్కన కుర్చీ ఖాళీ.

ఇప్పుడు రెండు కమ్మీల మధ్య, వాటిని పట్టుకుని తొమ్మిదడుగులు వేస్తున్నాను. ఎడమ పాదానికి మాత్రం వేడీ చల్లనా ఇంకా తెలియడం లేదు.

సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అయినవాళ్ళను లోపలికి రానిస్తారు. పక్కమంచం లారీ డ్రైవరు కూతురు నాలుగు కాకముందే గుమ్మంలో ఉంటుంది. ఆ రెండు గంటలూ నేను నిద్ర నటిస్తాను. ఒకరోజు ఆ పిల్ల జారిపోయిన నా దుప్పటి సరిచేసి వెళ్ళింది. కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఏడ్చేసేవాణ్ణి.

బావగారు నలభై రోజులు ఆసుపత్రిలో ఉంటే ఒక్కసారైనా రాలేదు నేను. పని ఒప్పుకున్నాను, వదల్లేనని కబురు పెట్టాను. అబద్ధం. ఆ వాసన, ఆ గొట్టాలు చూసే ధైర్యం లేక రాలేదు. చివరిరోజు కూడా "వాడొచ్చాడా?" అని అడిగారని దినాలప్పుడు నువ్వు చెబితే, ఎదురు నిన్నే నాలుగు మాటలని వెళ్ళిపోయాను. తలుపు వైపు చూస్తూ పడుకోవడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. క్షమించమని అడగను. తెలిసిందని చెప్పాలనిపించింది, అంతే.

నా గురించి బెంగపెట్టుకోకు. ఇక్కడ బాగానే చూస్తున్నారు. నువ్వు రావాల్సిన పనేం లేదు.

నీ తమ్ముడు

తా.క. పైన రావద్దని రాసింది నిజం కాదు. వచ్చే వారం నన్ను పంపించేస్తారు. నా గది మూడో అంతస్తులో, మెట్లెక్కలేను. ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళెవరో రాయమని నిన్న కాగితమిచ్చారు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, నీ పేరూ ఫోన్ నంబరూ రాశాను. "అక్కగారు వస్తారా?" అని నర్సు అడిగితే వస్తుందన్నాను. వాళ్ళు శుక్రవారం ఫోన్ చేస్తారు. కుదరదని చెప్పు, ఫర్వాలేదు. "తమ్ముడా? ఏ తమ్ముడు?" అని మాత్రం అనకు.