రాజశ్రీగారి గ్రైండర్

నిరూ, గరాజ్‌లో గ్రైండర్ ఉంది. కడగొద్దు, పప్పు నానబెట్టొద్దు.

మిక్సీలో ఇడ్లీపిండి కుదరడం లేదని రోజూ అంటావు కదా, కోర్టు జప్తు చేసిన సామాన్ల ఆన్‌లైన్ వేలంలో పాడాను. అక్కడ సామాను ఎవరిదో రాయరు, పాడేవాళ్ళ పేర్లూ కనిపించవు. చివరి నిమిషంలో ఎవరైనా పాట పెంచితే టైము పొడిగిస్తారు. అవతలివాళ్ళు ఎంతకీ వదల్లేదు. నేనూ పంతం పట్టి పదకొండుసార్లు పెంచాను.

నిన్న తెచ్చి తుడుస్తుంటే మోటారు పక్కన పసుపూ కుంకుమా కనిపించాయి. రాజశ్రీగారి టిఫిన్ సెంటర్ ఓపెనింగ్ రోజు నువ్వు పెట్టిన బొట్టే. వెంటనే ఆవిడకి ఫోన్ చేశాను. "పోన్లెండి, తెలిసినవాళ్ళింటికే చేరింది. మీకు పోటీగా పాడింది మేమేనండి" అంది.

సాయంత్రం ఇద్దరం వెళ్ళి ఇచ్చేసి వద్దాం. ఒక్కణ్ణే వెళ్ళి ఆవిడ మొహం చూడలేను. ఆ బొట్టు మాత్రం చెరపకు.

మొన్న నేను ఎగిరి కేక పెడితే ఏమైందని అడిగావు, క్రికెట్ అన్నాను. ఆ రోజు మ్యాచ్ లేదు నిరూ. అవతలివాళ్ళు పాట ఆపేశారని అరిచాను.