గాలి కబురు

పిన్నీ,

గాలి కబుర్లు చెప్పి జీతం తీసుకుంటున్నానని ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారట. నిజమే, రేడియోలో పడవలవాళ్ళకు నేను చెప్పేది గాలి కబురే. కాకపోతే అది పడవల్ని బోర్లా తిప్పే గాలి.

నిన్న మధ్యాహ్నం ఆఫీసు కాగితం చదివాను: "తీరప్రాంత జలాల్లో ఉరుములతో కూడిన ఈదురుగాలులు వీచే అవకాశం కలదు." సముద్రంలో ఉన్న ఒక్క పడవా వెనక్కి తిరగలేదు. కిటికీలోంచి చూస్తే నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది, దాని కిందే బాబాయి తీరిగ్గా వల వేస్తున్నాడు! ఒళ్ళు మండి, కాగితం పక్కన పడేసి మైకులో అరిచాను: "బాబాయ్! వల వదిలెయ్, పడవ తిప్పు! పిన్నికి నేనేం చెప్పుకోను?"

పిన్నీ, పడవలన్నీ తిరిగాయి! ప్రతివాడూ ఎవరో ఒకరికి బాబాయే కదా. వాళ్ళు ఒడ్డెక్కారో లేదో, ఒడ్డునున్న షెడ్డు మీది రేకుల్ని గాలి ఎగరగొట్టింది. బాబాయి ఇంకా పడవ కట్టేస్తుంటే, మిగతావాళ్ళు వానలో ముద్దగా తడుస్తూ, "ఇంతకీ మనలో ఆ పిల్ల బాబాయి ఎవడ్రా?" అని ఒకటే గోల! నవ్వలేక చచ్చాను.

హెచ్చరికల్లో వరసలు కలిపితే ఉద్యోగం ఊడుతుందన్నాడు ఆఫీసరు. ఇదే సందని ఇంటికొచ్చెయ్యమంటున్నాడు నాన్న.

నేను రాను. రేపు కూడా బాబాయ్ అనే పిలుస్తాను.