పిలిస్తే తిరగకూడదు

సోమవారం

నిర్ణయం తీసుకున్నాను! అక్క కూతురికి ఎయిర్ రైఫిల్ పట్టడం నేర్పుతాను. పద్ధతిగా. ఓపికగా. ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా. రోజూ అరగంట. ముందు జాగ్రత్తలు, ఆ తర్వాతే గురి.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. కాలేజీలో రైఫిల్ పట్టిన మొదటి మనిషినీ నేనే. రెండో మనిషి ఉండాలి కదా! ఆ రెండో మనిషికి పన్నెండేళ్లు. ఒక్కచోట నిలబడదు గనక ఇంట్లో దాని పేరు తుర్రు.

అక్క ఒక షరతు పెట్టింది. "ఆదివారం క్లబ్బులో పిల్లలకి జాగ్రత్తల పరీక్ష ఉందన్నావుగా, నేనూ వచ్చి చూస్తా. ఒక్క పొరపాటు కనబడిందా, తుపాకీ లేదు గిపాకీ లేదు. తీసుకెళ్లి డ్రాయింగ్ క్లాసులో పడేస్తా."

తుర్రు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డ్రాయింగ్ అంటే దానికి ఒళ్లు మంట.

మంగళవారం

మొదటి క్లాసు. చీపురుకర్రే రైఫిల్. గోడ మీద క్యాలెండరే గురి.

చెప్పినవి:
మొన ఎప్పుడూ గురి వైపే.
వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన.
ఆపమంటే ఆపాలి.
అన్నిటికంటే పెద్దది: చేతిలో రైఫిల్ ఉండగా ఎవరు పిలిచినా వెనక్కి తిరగకూడదు. మనిషి తిరిగితే గొట్టమూ తిరుగుతుంది. ముందు కింద పెట్టాలి, అప్పుడు తిరగాలి.

"ఖాళీదైనా తిరగకూడదా పిన్నీ?"

"ఖాళీ అని మనం అనుకుంటాం."

ఆహా, ఎంత బాగా చెప్పాను! పుట్టుకతోనే టీచర్ని.

బుధవారం

ల్యాబ్‌లో రక్తపరీక్షల రద్దీ, నా ఉద్యోగమే అది. ఇంటికొచ్చేసరికి ఆలస్యమైంది. అరగంట కాస్తా పది నిమిషాలైంది. పర్వాలేదు, ఎంతసేపని కాదు, ఎలా చెప్పామన్నది ముఖ్యం.

వెనకనుంచి పిలిచాను. "తుర్రూ!" తిరిగింది. "నీకు ఫోను!" తిరిగింది. "బల్లి!" చీపురుకర్రతో సహా మంచమెక్కేసింది.

గొంతు పెంచాను. బల్లి అని అరవాలంటే గొంతు పెంచక తప్పదు కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

గురువారం

అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "పిలిస్తే పలక్కూడదని నేర్పుతున్నావా పిల్లకి? చదువుకున్నదానివి, నువ్వేనా?"

"పలకొచ్చమ్మా. తిరగకూడదు, అంతే."

"మొహం చూపించకుండా పలకడమేంటే? గోడతో మాట్లాడుకోవడానికా పిలిచేది?"

అమ్మ బాధ నాకు తెలుసు. నేను కాలేజీలో చేరినరోజు పక్కింటావిడ అంది: "ఇక ఇది పిలిస్తే పలుకుతుందా?" ఆరోజు నుంచి అమ్మ పిలిచిందంటే చాలు, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలి మనిషిని మొత్తం ఆమె వైపు తిరుగుతాను. పక్కింటావిడ ఉంటే అమ్మ ఊరికే అయినా పిలుస్తుంది. నేను తిరగ్గానే, "చూశావా, ఎంత చదివినా!" అంటుంది.

తుర్రు అడిగింది: "పిన్నీ, నువ్వూ ఒకసారి చెయ్యి. నేను పిలుస్తా."

"నాకు వచ్చులేవే."

శుక్రవారం

క్లాసు లేదు. తలనొప్పి. కచ్చితంగా చెప్పాలంటే నిద్ర.

నిద్రకి ముందు ఫోనులో తుర్రుకి ఒక పథకం మాత్రం పెట్టాను. తిరగని ప్రతిసారీ ఒక చాక్లెట్టు. ఇది లంచం కాదు, ప్రోత్సాహం.

ప్రోత్సాహం మరీ ఎక్కువైనట్టుంది. అక్క ఫోను: "ఏం నేర్పావే దీనికి, చెవుడా? స్నానానికి రమ్మని గంటనుంచీ పిలుస్తున్నా, చేతిలో పుల్ల కూడా లేదు, గోడకేసి చూస్తూ నిలబడింది!"

శనివారం

అరిచాను. నిజంగానే. అది నవ్వుతోంది, నేను అరుస్తున్నాను, అది ఇంకా నవ్వుతోంది. ఓపికకి ఈరోజు సెలవు. మిగతా క్లాసు మంచం మీద పడుకునే చెప్పాను. నా ఐదు రోజుల పద్ధతిలో ఇక మిగిలింది చీపురుకర్ర ఒక్కటే.

అయినా తుర్రు మాత్రం తిరగలేదు.

ఆదివారం

క్లబ్బు అంటే పొడవాటి రేకుల షెడ్డు. అటు చివర కాగితం టార్గెట్లు, ఇటు చివర బెంచీలు. కోచ్ గారు బక్కగా ఉంటారు, గొంతు ఎప్పుడూ పెంచరు. అలాంటివాళ్లు కూడా ఉన్నారు లోకంలో.

తుర్రు ఖాళీ రైఫిల్ పట్టుకుని నిలబడింది. కోచ్ పిలిచారు. అక్క పిలిచింది. మాతో వచ్చిన అమ్మ రెండుసార్లు పిలిచింది. చెవి కూడా కదల్లేదు. నెగ్గింది!

అప్పుడు కోచ్ నాతో అన్నారు: "మీరు కాలేజీ టీములో ఆడారటగా. ఎలా నిలబడాలో పిల్లలకి చూపించండి."

నాకూ ఖాళీ రైఫిలే ఇచ్చారు. ఖాళీ అని తెలియడానికి గొట్టంలో ఎర్రతాడు కూడా ఉంది. బొమ్మలా నిలబడ్డాను. మా అమ్మ బెంచీ మీంచి లేచి, గర్వం ఆపుకోలేక పిలిచింది:

"అమ్మాయ్!"

తిరిగాను. మొత్తం మనిషిని. రైఫిల్‌తో సహా. చిరునవ్వుతో సహా.

కోచ్ వంగారు. అక్క బెంచీ కింద దూరింది. అమ్మ ఒక్కతే నిటారుగా నిలబడి, "చూశారా, పిలవగానే..." అంటోంది.

"కింద పెట్టండి," అన్నారు కోచ్. పెట్టాను. "బయటికి వెళ్లండి."

"సార్, అది ఖాళీదే..."

వరసలోంచి తుర్రు గొంతు వినబడింది. "ఖాళీ అని మనం అనుకుంటాం పిన్నీ." తిరగకుండానే అంది.

నెల రోజులు నేను రైఫిల్ ముట్టుకోకూడదు. ఆ తర్వాత పిల్లలతో కలిసి ఇదే పరీక్షకి నిలబడాలి.

మెట్ల మీద కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, నా శిక్షకి కాదు. ఒక్క పొరపాటు అంది అక్క. ఆ ఒక్కటీ నేనే చేసిపెట్టాను. అక్క చీర దులుపుకుంటూ వచ్చింది.

"దాన్ని తీసుకెళ్లిపోతావా అక్కా?"

"ఎందుకే? నువ్వు తిరిగావు, అమ్మ అరిచింది, నేను బెంచీ కింద దూరాను. అది మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు. ఇంట్లో పెద్దమనిషి అదొక్కతే అని తేలిపోయింది."

"మరి డ్రాయింగ్ క్లాసు?"

"నువ్వెళ్లు."

లోపల 'టప్' మంది. తుర్రు పేల్చిన మొదటి ఛర్రా గుండు! కిటికీలోంచి చూశాను. కాగితం అంచుకి తగిలింది. అది రైఫిల్ కింద పెట్టింది, ఒక అడుగు వెనక్కి వేసింది, అప్పుడు తిరిగి నాకోసం వెతికింది.

సోమవారం

నిర్ణయం తీసుకున్నాను! నేర్చుకుంటాను. పద్ధతిగా, రోజూ అరగంట. టీచర్ తుర్రు. గొంతు పెంచనని మాటిచ్చింది, మొదటి నిమిషంలోనే తప్పింది.

చీపురుకర్ర పట్టుకుని క్యాలెండరుకేసి నిలబడ్డాను. "పిన్నీ!" తిరగలేదు. "పిన్నీ, బల్లి!" వణికాను గానీ తిరగలేదు.

వంటింటి గుమ్మంలోంచి "అమ్మాయ్!" అని వినబడింది.

మెడ సగం వెళ్లిపోయింది. పట్టి ఆపాను. వంగి చీపురుకర్ర నేల మీద పెట్టాను. అప్పుడు తిరిగాను, మొత్తం మనిషిని.

అమ్మ, ఆమె వెనక పక్కింటావిడ.

"పిలిస్తే ఇంతసేపేంటే?" అంది పక్కింటావిడ.

అమ్మ నాకేసి చూసింది, చీపురుకర్రకేసి చూసింది.

"అదే మరి," అంది ఆవిడతో. "మా అమ్మాయి చదువంటే మాటలా? చేతిలోది కింద పెట్టందే తిరగదు!"