ఆకు మిషను బేరింగు

కెలమంగలం, ఆదివారం

బంగారు తల్లీ ప్రతిభా,

నీ కాఫీ గింజలు వేయించే మిషను మళ్ళీ తిరిగిందమ్మా! దాన్ని పాత ఇనుముకు వేసెయ్యమని చెప్పి, అంగడి మూసి, ఏడుస్తూ హోసూరు ఫ్యాక్టరీలో చేరావు. నాకు మనసు రాలేదు. విప్పి చూస్తే బేరింగు నిండా గింజల పొట్టు, గ్రీసు కలిసి రాయిలా బిగుసుకుంది. అది తీసేసి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరిగే మన మిషనులోని బేరింగు వేశాను. సరిగ్గా పట్టింది! ఆకు నేను కత్తితో తరుక్కుంటాలే.

తెలియక మొదట బేరింగుకు వంటనూనె పూశాను, ఒకటే పొగ! "ఏమప్పా, కొంపకు నిప్పు పెడతా ఉండావా?" అని పక్కింటి అంజినమ్మ బిందెతో పరుగెత్తుకొచ్చింది. నూనె తుడిచి, వేడికి తట్టుకునే గ్రీసు పెట్టి మళ్ళీ గింజలు వేయించాను. ఆ గింజలతో పెట్టిన కాఫీ అంజినమ్మ తాగి, "ఇది మన పాప కాఫీనే గదప్పా! రమ్మను" అంది.

ఈ ఉత్తరం అందగానే ఫ్యాక్టరీలో మానేస్తానని చెప్పేసి రా తల్లీ. అంగడి కడిగి, తలుపులు తీసిపెట్టాను.

ఆనందం పట్టలేని
నీ నాయన