అత్తమ్మ మెచ్చిన మసాలా

12 అక్టోబర్ 2025, ఆదివారం

ఈ రోజు ఒక చిన్న దొంగపని చేశాను. చర్చి నుంచి వచ్చేసరికి అత్తమ్మ తమ్ముడు మత్తయ్య మామ ఇంటిల్లిపాదితో దిగి ఉన్నాడు. మటన్ పొయ్యి మీద పెట్టాక చూస్తే, టీవీలో యాడ్ వచ్చే ఆ మసాలా బాక్సు ఖాళీ. అది వేయకపోతే అత్తమ్మ మటన్ ముట్టదు. సాతంరాయి ఊరి సునీత శాంపిల్ అని ఇచ్చిన ప్యాకెట్ ఒకటి అల్మారాలో పడి ఉంది. మా చర్చి అమ్మాయే. దినుసులు తనే వేయించి, గిర్నీలో పట్టించి, మామూలు కవర్లలో పోసి స్టాప్లర్ కొట్టి అమ్ముతుంది. ఆ ప్యాకెట్ బాక్సులో పోసేసి, అత్తమ్మ చూస్తుండగానే దర్జాగా కూరలో వేశాను.

అందరూ వేళ్ళు నాకారు. బ్రాండ్ అంటే గిట్లుంటది, కవర్ల మసాలాతోని ఈ రుచి యాడికెళ్ళి వస్తది అని అత్తమ్మ మామకు క్లాసు పీకింది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

15 అక్టోబర్

సునీత దగ్గర ఇంకో రెండు ప్యాకెట్లు కొన్నాను. బాక్సు మళ్ళీ నింపాను. నేను ఎయిర్‌పోర్టులో గిఫ్ట్ షాపు సేల్స్‌గర్ల్‌ని. బయట దొరికే బిస్కెట్లనే అందమైన డబ్బాలో పెట్టి మూడింతల రేటుకు అమ్ముతాం. డబ్బాను చూసి మురిసిపోయే వాళ్ళు రోజూ కనబడతారు. ఇంట్లో కూడా ఒకరుంటే తప్పేముంది?

26 అక్టోబర్, ఆదివారం

చర్చి స్త్రీల సమాజం మీటింగ్ మా ఇంట్లోనే. అత్తమ్మే సెక్రటరీ కదా. కోత పండుగకు చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందు వంటలు మాట్లాడుకోవాలి. అందరికీ నా మటన్ కూరతో భోజనం అయ్యాక సునీత వచ్చింది. విందుకు తన మసాలా తీసుకోమని అడిగింది. ఈ ఒక్క ఆర్డర్ వస్తే సంఘం మొత్తం తింటది అమ్మా, నాకు పేరొస్తది, సొంత గిర్నీ పెట్టుకుంట అంది.

అత్తమ్మ ప్యాకెట్ విప్పి వాసన చూసి మొహం చిట్లించింది. పాత వాసనొస్తున్నది బిడ్డా, దేవుని విందుకు రిస్క్ ఎందుకు, మా ఇంట్ల మసాలా ఇప్పుడే తిన్నరు కదా, గదే తెప్పిద్దాం, కావాలంటే మా జూలీని అడుగుండ్రి అంది.

అందరూ నా వైపు చూశారు. వాళ్ళు తిన్నది సునీత మసాలానే. నేను అవునన్నాను.

సునీత గేటు దగ్గర నా కోసం ఆగింది. నా దాంట్ల ఏం తక్కువైంది అక్కా, జర చెప్పు, మంచిగ చేసుకుంట అంది. ఏదో ఒకటి చెప్పి పంపేయాలనిపించి, లవంగాల ఘాటు ఎక్కువైంది, తగ్గించు అన్నాను. థాంక్స్ అక్కా అని వెళ్ళిపోయింది.

27 అక్టోబర్

లవంగాలు ఎందుకన్నాను? ఏం తక్కువ కాలేదు, బాగుంది అంటే సరిపోయేది.

9 నవంబర్, ఆదివారం

ప్రేమవిందు. గంగాళాల నిండా బాక్సు మసాలా కూర. అత్తమ్మ రెండు ముద్దలు తిని, ఇంట్ల రుచి రాలేదు, మసాలా అదే గానీ మా కోడలి చెయ్యి వేరే అంది. పక్కనున్న ఆంటీలందరూ నా చేతిని తెగ పొగిడారు. అన్నం వడ్డిస్తున్న సునీత కూడా నవ్వుతూ, నిజమే, అక్క చెయ్యి మంచిది అంది.

చెంప పగలగొట్టినా ఇంత సిగ్గనిపించేది కాదేమో.

16 నవంబర్, ఆదివారం

సునీత దగ్గర కొత్త ప్యాకెట్ కొని తెచ్చి విప్పాను. వాసనే లేదు. అదే బాక్సులో పోసి వండితే, కంపెనోళ్ళు గుడ మోసం షురూ చేసిన్రు అని అత్తమ్మ తిట్టింది.

సాయంత్రం సునీత దగ్గరికి వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే లవంగాలు తగ్గించిన అక్కా అంది. పాత గిరాకీలు రుచి పోయిందంటున్నారట. కొత్తూరులో ఫ్యాక్టరీ దగ్గర మెస్ నడిపే జంగయ్య ప్యాకెట్లన్నీ వాపస్ పంపాడట. మళ్ళీ మునుపటిలా చెయ్యమన్నాను. లేదక్కా, నువ్వు నా మంచికే చెప్పినవ్, కొన్నొద్దులు చూస్త అంది.

నన్ను నమ్మి మునిగిపోతోంది. నేను అక్కడే నోరు తెరిచి ఉండాల్సింది. పిరికిదాన్ని.

17 నవంబర్

మా ఆయన జయకర్‌కు అంతా చెప్పాను. ఊకో, అమ్మ ఇజ్జత్ పోతది అన్నాడు. మొగుడైనా మండిపోయింది.

18 నవంబర్, పొద్దున

అత్తమ్మకు చెప్పేశాను. అందరి ముంగట నాతోని గా పిల్లను గంత మాట అనిపించినవా అని ఒక్కటే అడిగి, టిఫిన్ తినకుండా లోపలికి వెళ్ళిపోయింది. షాపుకు సెలవు పెట్టాను. సాతంరాయి వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

బాక్సు సంగతి, లవంగాల అబద్ధం అంతా చెప్పేశాను. సునీత తిట్టలేదు. మసాలా కోసం వేయిస్తున్న ధనియాలు దించి కూర్చుంది. అయితే మీ అత్తమ్మకు నా మసాలా నచ్చిందా అక్కా అని అడిగింది. నచ్చిందన్నాను. ఏమన్నది, జర చెప్పు అంది. మత్తయ్య మామ వచ్చిన రోజు అత్తమ్మ అన్న మాట చెప్పాను. మళ్ళీ చెప్పమంది.