ఆటల మోగిన సాంచె

అక్షిత బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. అచ్చిన చుట్టాలు పోయిన్రు, నాకు నడుం పట్టేసింది. నడిపేటోళ్లు లేక మన బట్టలు నేసే సాంచెలను పోయిన నెల పాత ఇనుము కింద అమ్మేసిన. షెడ్డు ఖాళీగున్నది.

కంప్యూటర్ల డబ్బాలు పేర్చి ఊర్లు కట్టే ఫ్రీ ఆట, నువ్వు బిడ్డ కలిసి ఆడేది ఉన్నది గదా, బిడ్డ దోస్తులందరు అసొంటిదే పైసలు పెట్టి కొనేది ఆడుతున్నరట. రోజు గదే ముచ్చట. "నాతోని కాదు, నువ్వూ కొనుక్కో తియ్యి" అన్న.

తీరా కొందామంటె వద్దన్నది. "బాపు ఈ ఆటల కట్టిన మన షెడ్డు అందుల తెరుసుకోదమ్మా. నాకు గీ ఫ్రీ ఆటనే ఉండనీ. దీన్ల మనకు కావల్సింది మనమే కోడ్ రాసి పెట్టుకోవచ్చని బాపు నేర్పిండు" అని నన్ను గుంజుకపోయి కూసోబెట్టింది.

నువ్వు ఆటల పెట్టిన సాంచెను నొక్కితె మన సాంచె చప్పుడే అచ్చింది. ఎప్పుడు రికార్డు చేసినవో! తలకాయ నొస్తుందని ఇన్నేండ్లు నేను తిట్టిన చప్పుడు. నడుమ నా గొంతు: "అన్నం సల్లారుతుంది, అస్తవా రావా?"

రికార్డు ఖరాబైతదనేమో, నువ్వు పలుకలే.

బిడ్డ మల్ల నొక్కింది. నేను మల్ల పిలిచిన.