అయస్కాంతానికి అంటని కడ్డీ

జూన్ 4
చెల్లి వచ్చింది. తను ఈత నేర్పే ఇండోర్ పూల్‌లో సీలింగ్‌ను మోసే కడ్డీల్లో ఒకటి విరిగి నీళ్లలో పడిందట. వేలెడంత స్టీల్ ముక్క నా చేతిలో పెట్టింది. నేను తుప్పు డాక్టర్నట, నాడి చూడాలట. మెడలో కోచ్ విజిల్ తీయకుండానే భోంచేసి వెళ్లింది.

జూన్ 5
ముక్క తళతళలాడుతోంది. అదే నాకు నచ్చలేదు. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెడితే లోపలంతా వేళ్లు పాకినట్టు పగుళ్లు. క్రోమియం ఉంది, నికెల్ ఉంది, మాలిబ్డినం లేనట్టే. వంటగిన్నెకు ఈ మిశ్రమం చాలు. క్లోరిన్ ఆవిరిలో బరువు మోయాలంటే మాలిబ్డినం దండిగా ఉన్న రకం కావాలి. ఇది తుప్పు పట్టి ముందుగా చెప్పదు. ఉన్నట్టుండి విరుగుతుంది.

అక్కడ సీలింగంతా ఈ కడ్డీలే. కింద పిల్లలు, మా చెల్లి. భయంగా ఉంది.

జూన్ 6
చెల్లి భర్త, మా మరిదే ఆ పూల్ మేనేజర్. ఇద్దరినీ పిలిచి చెప్పాను. నా మాట పూర్తి కాకుండానే లేచి, మా ఫ్రిజ్ మీది మాగ్నెట్ పీకి కడ్డీ ముక్కకు ఆనించాడు. అంటుకోలేదు.

“చూశారా వదినా, అసలైన స్టెయిన్‌లెస్.”

మాలిబ్డినం ఉన్నా లేకున్నా ఈ రకం స్టీల్ మాగ్నెట్‌కు అంటదని చెప్పాను. పూల్‌లో జరగబోయే ఈత పోటీలు అయ్యాక చూద్దామన్నాడు. చెల్లి తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

జూన్ 7
పూల్ ఓనర్‌కూ మునిసిపల్ ఇంజనీర్‌కూ రిపోర్ట్ పంపాను. చెల్లి కాపురంలో నిప్పులు పోస్తున్నానని మరిది ఫోన్‌లో అరిచాడు. అరవనీ.

జూన్ 8
ఎవరూ బదులివ్వలేదు.

జూన్ 9
చెల్లి ఫోన్ చేసింది. ఇవాళ పైన ఏదో టక్కుమందట.

“ఆయన ఏమన్నా సరే, రేపు పిల్లల్ని గేటు దగ్గర్నుంచే పంపించేస్తానక్కా.”

హమ్మయ్య అనుకున్నాను.

జూన్ 10
పిల్లలందరూ బయటే ఉన్నారు. ఒక్కరికీ గీత కూడా పడలేదు.

ముందే వచ్చినవాళ్లు ఎవరైనా బట్టలు మార్చుకునే గదిలో ఉన్నారేమో చూసి వస్తానని చెల్లి లోపలికి వెళ్లిందట. అప్పుడే సీలింగ్ తన మీద కూలింది.

ఆ గదిలో పిల్లలెవరూ లేరు.

జూన్ 14
ల్యాబ్‌కు శాంపిళ్లు వచ్చాయి. ఆ కడ్డీలే. ఒక్కదానికీ మెరుపు పోలేదు. నేను ముట్టనని చెప్పి వచ్చేశాను.

మరిది వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. తిట్టాలనే ఉంది. మంచినీళ్లిచ్చాను.

జూన్ 21
చెల్లి మెడలోని విజిల్ పోలీసులు తెచ్చి ఇచ్చారు. పైపూత లేచి తుప్పు పట్టింది. మామూలు ఇనుము. ఫ్రిజ్ మీది మాగ్నెట్‌కు ఆనించాను.

పట్టుకుంది. వదలడం లేదు.